రెండు చేతులూ స్ట్రెచర్ మీదే

ప్రశ్న మీది, జవాబు జవానుది

(సైన్యం గురించి, సైనిక కుటుంబాల ఇబ్బందుల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు, ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా పనిచేసి రిటైరైన హవల్దారు జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకదానికొకటి చుట్టాల్లా ఉన్నాయి. నాలుగూ స్ట్రెచర్ మోసినవాళ్ల గురించే. అందుకని పెన్షన్ ప్రశ్నలన్నీ వచ్చే నెలకు జరిపాను. ఎవరూ తిట్టుకోవద్దు.

ప్రశ్న: హవల్దారు గారూ, నమస్తే. మేం మెల్‌బోర్న్‌లో ఉంటాం. మా అమ్మాయి ఐదో తరగతి. ఏప్రిల్ 25న ఇక్కడ ఆన్జాక్ డే అని చనిపోయిన సైనికులను తలుచుకుంటారు. దానికోసం స్కూల్లో సింప్సన్, అతని గాడిద కథ చెప్పి బొమ్మ వేసుకు రమ్మన్నారు. యుద్ధంలో గాయపడ్డ మూడు వందల మందిని గాడిద మీద ఎక్కించి కాపాడాడట. ఇంటికొచ్చి "అమ్మా, ఇది నిజంగా జరిగిందా, ఉత్త కథా?" అని అడిగింది. నాకు తెలీదు. అక్కడ మన ఇండియావాళ్లు కూడా ఉన్నారని ఎవరో అన్నారు. అదైనా నిజమేనా?
- ఒక తల్లి, మెల్‌బోర్న్

జవాబు: అమ్మా, మనిషి నిజం, గాడిద నిజం, అతను చనిపోయిన తీరూ నిజమే. మూడు వందల లెక్క మాత్రం ఎవరూ పెట్టలేదు.

అసలు పేరు జాన్ సింప్సన్ కిర్క్‌పాట్రిక్. పుట్టుకతో ఆస్ట్రేలియావాడు కూడా కాదు. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో సౌత్ షీల్డ్స్ అనే రేవు ఊళ్లో 1892 జూలై 6న పుట్టాడు. తండ్రి ఓడల మీద పనిచేసేవాడు. పిల్లవాడు బార్న్స్ రోడ్ బడిలో, ఆ తర్వాత మార్టిమర్ రోడ్ బడిలో చదివాడు. ఎండాకాలం సెలవుల్లో సముద్రం ఒడ్డున గాడిదల మీద పిల్లల్ని ఎక్కించి తిప్పే పనికి పోయేవాడు. మన విశాఖ బీచ్‌లో గుర్రాల మీద తిప్పుతారే, అలాంటిదన్నమాట. బడి మానేశాక పాల బండి తోలాడు. 1909లో తండ్రి పోయాడు, ఇతను ఓడెక్కాడు. మరుసటి ఏడు ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్ రేవులో దిగినవాడు మళ్లీ ఓడెక్కకుండా పారిపోయాడు. చెరుకు కొట్టాడు, గనుల్లో బొగ్గు తవ్వాడు, ఓడల్లో పొయ్యికి బొగ్గు ఎగేశాడు. ఏ పని చేసినా తల్లికి డబ్బు పంపడం మాత్రం మానలేదు. ఆమెకు రాసిన ఉత్తరాల్లో ఒకదాంట్లో ఇంగ్లండ్‌లో కూలివాళ్లు తిరగబడాలని, విప్లవం రావాలని కూడా రాశాడు. విగ్రహాల దగ్గర ఈ సంగతి ఎక్కువగా చెప్పరు.

1914 ఆగస్టులో, మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే, పెర్త్‌లో సైన్యంలో చేరాడు. చేరితే ఇంగ్లండ్‌కు ఉచితంగా పోయి అమ్మను చూడొచ్చని ఆశ. ఓడ వదిలి పారిపోయినవాడు కాబట్టి దొరికిపోకుండా ఇంటిపేరు వదిలేసి సింప్సన్ అని రాయించుకున్నాడు. తీరా ఓడ ఇంగ్లండ్ పోలేదు, ఈజిప్టులో దించారు. 3వ ఫీల్డ్ అంబులెన్స్ అనే వైద్య దళంలో స్ట్రెచర్ మోసే పని ఇచ్చారు. అక్కడి నుంచి టర్కీలోని గల్లిపోలి తీరానికి. 1915 ఏప్రిల్ 25 తెల్లవారుజామున ఒడ్డున దిగాడు. మీ అమ్మాయి స్కూల్లో చేసే రోజు అదే.

ఇక్కడ నా వృత్తి మాట కొంచెం చెప్పాలి. చదును నేల మీద స్ట్రెచర్‌కు ఇద్దరు చాలు. కొండదారిలో, గుంటల్లో, తూటాల కింద అయితే నలుగురు కావాలి. మన ఏజెన్సీలో డోలీ మోసినవాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. సింప్సన్ చేసిన తెలివైన పని ఏమిటంటే, కాలికి దెబ్బ తగిలి కూర్చోగలిగినవాడికి స్ట్రెచర్ దండగ అని గుర్తుపట్టడం. ఒక గాడిదను పట్టుకుని, దాని నుదుటికి రెడ్ క్రాస్ పట్టీ కట్టి, మొనాష్ వ్యాలీ పైనుంచి ష్రాప్‌నెల్ గల్లీ మీదుగా బీచ్ దాకా తిరగడం మొదలుపెట్టాడు. నలుగురి పని ఒక్కడు చేశాడు. మిగతా ముగ్గురూ మరొకరికి అందుతారు. అయితే పొట్టలో, తలలో తూటా దిగినవాణ్ణి గాడిద మీద కూర్చోబెట్టలేం కదా. వాళ్లను మోసింది అతని తోటివాళ్లు, ఇద్దరిద్దరుగా, నలుగురేసిగా. వాళ్ల పక్కన గాడిద లేదు కాబట్టి వాళ్ల బొమ్మ ఎవరూ వేయలేదు.

మే 19న టర్కీ సేనలు పెద్ద దాడికి దిగాయి. ఆ పొద్దున సింప్సన్ రోజూ టిఫిన్ తినే నీళ్ల కాపలావాళ్ల దగ్గరికి వెళ్తే టిఫిన్ ఇంకా కాలేదన్నారట. సరే, తిరిగొచ్చేసరికి మంచి భోజనం పెట్టండి అని పైకి పోయాడట. దిగివస్తుంటే మెషిన్‌గన్ తూటా తగిలింది. ఇరవై రెండేళ్లు. యుద్ధంలో ఉన్నది ఇరవై నాలుగు రోజులు.

ఇక మూడు వందలు. నేను ఫీల్డ్ ఆస్పత్రిలో రిజిస్టర్ రాసినవాణ్ణి. వచ్చినవాడి నంబరు, పేరు, యూనిట్, గాయం ఎక్కడ, ఎన్ని గంటలకు వచ్చాడు, ఇవన్నీ రాయడానికి గడులుంటాయి. మోసుకొచ్చింది ఎవరో రాయడానికి నేను చూసిన ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు. నిలబడి ఊపిరి పీల్చుకుని, రక్తం అంటిన ఖాళీ స్ట్రెచర్ తీసుకుని వెళ్లిపోతారు. కాబట్టి ఆ అంకె తర్వాత ఎవరో అభిమానంతో అల్లిందే. సింప్సన్‌కు విక్టోరియా క్రాస్, అంటే అన్నిటికంటే పెద్ద శౌర్య పతకం, ఇవ్వాలని అక్కడ చాలా ఏళ్లు అడిగారు. 2013లో ఆస్ట్రేలియా విచారణ సంఘం ఇవ్వక్కర్లేదని తేల్చింది. అతని ధైర్యం 3వ ఫీల్డ్ అంబులెన్స్‌లో స్ట్రెచర్ మోసిన మిగతావాళ్ల ధైర్యం లాంటిదే అని చెప్పింది. కొందరికి కోపం వచ్చింది. నాకైతే అంతకంటే పెద్ద మెడల్ లేదనిపించింది.

మనవాళ్ల సంగతి. అతను రాత్రిళ్లు తన యూనిట్‌తో కాకుండా 21వ కోహట్ మౌంటెన్ బ్యాటరీ దగ్గర ఉండేవాడు. అది ఇండియన్ ఆర్మీ ఫిరంగుల దళం. ఫిరంగులు మోసే కంచరగాడిదలు బోలెడు ఉండేవి కాబట్టి ఇతని గాడిదకూ అక్కడ మేత దొరికేది. ఆ సైనికులు ఇతన్ని 'బహదూర్' అని పిలిచేవాళ్లు. తెలుగువాళ్లు కారు, వాయవ్యం వైపు, పంజాబ్ వైపు వాళ్లు. అయినా మీ అమ్మాయి తన బొమ్మలో ఒక తలపాగా మనిషిని వేస్తే తప్పేం లేదు.

బొమ్మ అంటే గుర్తొచ్చింది. ఎక్కువగా కనిపించే పెయింటింగ్ హొరేస్ మూర్-జోన్స్ వేసింది. ఒక ఫోటో చూసి వేశాడు. ఆ ఫోటోలో ఉన్నది సింప్సన్ కాదు, అతను పోయాక అదే పని అందుకున్న న్యూజిలాండ్ సైనికుడు డిక్ హెండర్సన్. ఆయన బతికి బయటపడ్డాడు. వెల్లింగ్టన్‌లో ఉన్న విగ్రహం ఆయనదే. మీ ఊళ్లో ష్రైన్ ఆఫ్ రిమెంబ్రెన్స్ దగ్గర 1936లో పెట్టిన చిన్న కంచు బొమ్మ ఉంది, అది సింప్సన్‌ది. ఒక ఆదివారం పాపను తీసుకెళ్లి చూపించండి.

ప్రశ్న: గౌరవనీయులైన హవల్దారు గారికి. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాను. మా బడి పూర్వ విద్యార్థి ఒకరు 1971 యుద్ధంలో అంబులెన్స్ అసిస్టెంట్‌గా పనిచేస్తూ, గాయపడినవాళ్లను మోస్తుండగా చనిపోయారు. ఈ ఏడు బడి వార్షికోత్సవానికి ఆయన స్మారకం పెట్టాలని పూర్వ విద్యార్థులు చందాలు పోగుచేశారు. ఇప్పుడు గొడవ మొదలైంది. కొందరు తుపాకీ పట్టుకున్న విగ్రహం కావాలంటున్నారు. కొందరు శిలాఫలకం చాలు, కానీ 'వంద మంది ప్రాణాలు నిలిపిన వీరుడు' అని ఉండాలంటున్నారు. ఆ వంద ఎక్కడిదో ఎవరికీ తెలీదు. మా దగ్గర ఉన్నది పదో తరగతి గ్రూప్ ఫోటో ఒక్కటే. వాళ్ల తమ్ముడు ఊళ్లోనే ఉన్నారు, ఏమీ మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు?
- ఒక ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మాస్టారూ, ముందు తుపాకీ సంగతి తేల్చేద్దాం. స్ట్రెచర్ మోసేవాడి రెండు చేతులూ స్ట్రెచర్ మీద ఉంటాయి. మూడో చెయ్యి ఉంటే తుపాకీ పెట్టించండి. జెనీవా ఒప్పందం ప్రకారం మెడికల్‌వాళ్లు రోగుల రక్షణకు, ఆత్మరక్షణకు చిన్న ఆయుధం ఉంచుకోవచ్చు, అది వేరే మాట. కానీ శత్రువు వాళ్లను కాల్చకూడదని ఆ ఒప్పందం చెప్పేది వాళ్లు చేసే పనిని బట్టే. చేతికి కట్టిన రెడ్ క్రాస్ పట్టీ అందుకే. ఆ పట్టీ కట్టిన మనిషి చేతిలో రైఫిల్ పెట్టి సిమెంటుతో పోతపోస్తే ఆయన ఏ పని చేస్తూ పోయారో అదే చెరిపేసినట్టు. పైన చెప్పిన సింప్సన్‌కు సొంత ఊరు సౌత్ షీల్డ్స్‌లో విగ్రహం పెట్టడానికి డెబ్బై మూడేళ్లు పట్టింది, 1988లో పెట్టారు. పెట్టింది మాత్రం గాడిదతోనే.

వంద సంగతి కూడా పైనే చెప్పాను. గడి లేని రిజిస్టర్‌లోంచి అంకె రాదు. ఒక్కసారి వంద అని చెక్కితే, రేపు మీ బడిలో చదివే తెలివైన పిల్ల ఒకతి "వంద ఎలా తెలిసింది సార్" అని అడుగుతుంది. మెల్‌బోర్న్ పాప అడిగింది కదా. జవాబు లేకపోతే ఆ పిల్లకు రాతి మీద ఉన్న మిగతా మాటల మీద కూడా అనుమానం వస్తుంది.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేనే చేశాను. మా ఊరి కుర్రాడొకడు డ్యూటీలో పోతే పంచాయతీ ఆఫీసు ముందు రాయి నిలబెట్టాం. మిలిటరీ మనిషినని రాత పని నాకు అప్పజెప్పారు. వాడు సిపాయి. చూడ్డానికి బాగుంటుందని నేను 'నాయక్' అని రాశాను. పేరేమో సైన్యం రికార్డులో ఉన్నట్టు రాశాను. భర్తీ రోజున గుమాస్తా ఇంటిపేరును పేరుగా, పేరును ఇంటిపేరుగా తిప్పి రాసుకున్నాడు, అదే రికార్డు అయిపోయింది. ఊళ్లో అందరికీ వాడు 'చిన్నోడు'. రాయి తెరిచిన రోజు వాళ్లమ్మ మనవడితో చదివించుకుని "ఇదెవరి పేరు?" అంది. ఆ మధ్యాహ్నమే వాడితో కలిసి పనిచేసిన స్నేహితుడు తెనాలి నుంచి వచ్చాడు. రాయి చదివి నన్ను పక్కకు పిలిచి, మెల్లగా, "వాడు నాయక్ ఎప్పుడయ్యాడన్నా?" అన్నాడు. ఆ రోజు భోజనాల్లో నేను తల ఎత్తలేదు. తర్వాత నా డబ్బుతో రాయి మార్పించాను. ఇప్పుడు పైన రికార్డు పేరు, సిపాయి అని ర్యాంకు, కింద 'మా ఊళ్లో చిన్నోడు' అని ఉంటుంది.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. గల్లిపోలిలో బీచ్ సిమెటరీలో సింప్సన్ రాయి మీద కూడా రెండు పేర్లున్నాయి. పైన తల్లిదండ్రులు పెట్టిన పేరు, కింద ఫలానా పేరుతో సైన్యంలో పనిచేశాడు అని 202 నంబరు, ప్రైవేట్ జె. సింప్సన్. దొంగపేరు పెట్టుకున్నాడని దాచలేదు. అడుగున "ఇతరులు బతకాలని తన ప్రాణం ఇచ్చాడు" అనే అర్థం వచ్చే ఒక్క వాక్యం. ఇంగ్లిష్‌లో నలభై అక్షరాల్లోపే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో కుటుంబాలు రాయి మీద సొంత మాట రాయించుకోవాలంటే 66 అక్షరాలు దాటకూడదని రూలు, మధ్య ఖాళీలూ లెక్కే. అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగేవాళ్లు. డబ్బు అడగడం అన్యాయమే, కాని కొలత పెట్టడం మంచిదైంది. మీ కమిటీలో వక్తలు ఎక్కువ ఉన్నట్టున్నారు, వాళ్లకూ ఒక కొలత పెట్టండి.

ఇక చేయాల్సిన పని. ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. తమ్ముడి దగ్గర పాత పెన్షన్ కాగితం, మనీఆర్డర్ రసీదు, టెలిగ్రామ్, ఏది దొరికినా దాని మీద సర్వీస్ నంబరు ఉంటుంది. నంబరు దొరికితే సగం పని అయినట్టే. మెడికల్ కోర్ రికార్డ్స్ ఆఫీసు లక్నోలో ఉంది. హెడ్మాస్టర్ లెటర్‌హెడ్ మీద, తమ్ముడి సంతకంతో కలిపి రాయండి. ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో, స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ల పేర్లు గ్రానైట్ పలకల మీద చెక్కారు. ప్రారంభం నాటికే 25,942 పేర్లు. అక్కడ మీ విద్యార్థి పేరు ఏ స్పెల్లింగ్‌తో ఉందో చూసుకోండి. నెట్‌లోనే వెతకొచ్చు. మీ ఫలకం మీద పేరు దాంతో కలిస్తే రేపు ఎవరైనా వెతుక్కుంటూ వచ్చినప్పుడు దారి తప్పరు.

ఆ తర్వాత మీ బడి బీరువా తెరవండి. అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. ఆయన చేరిన రోజు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, వాటి పక్కన పుట్టుమచ్చలు. 'కుడి మోచేతి కింద ఒకటి' అని ఎర్ర సిరాతోనో నల్ల సిరాతోనో ఒక మాస్టారు పిల్లవాడి చెయ్యి తిప్పి చూసి రాసి ఉంటారు. సైన్యంలో చేరినప్పుడూ అవే మచ్చలు రాసుకుంటారు. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఆ పేజీ పెద్దగా ఫోటో తీయించి ఫ్రేమ్ కట్టించి, ఫలకం పక్కన వేలాడదీయండి. ఖర్చు ఐదారు వందలు కూడా కాదు. విగ్రహానికి పోగైన డబ్బు మిగిలితే బడికి ఒక మంచి స్ట్రెచర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె కొనండి. ఆటల పోటీల్లో కాలు విరిగిన పిల్లవాణ్ణి చేతుల మీద ఎత్తుకుని ఆటోలో కుక్కడం నేను చాలా బళ్లలో చూశాను.

తమ్ముడు ఎందుకు మాట్లాడటం లేదో కమిటీ అడగకూడదు, మీరొక్కరే వెళ్లండి. సాయంత్రం పూట, టీ టైంకి. రాయి మీద ఏముండాలని అడక్కండి. "అన్నయ్యను ఇంట్లో ఏమని పిలిచేవాళ్లు?" అని అడగండి.

ప్రశ్న: సర్, గాంధీగారు కూడా యుద్ధంలో స్ట్రెచర్ మోశారని మా లెక్చరర్ చెప్పారు. నమ్మలేకపోయాను. ఆ జట్టులో తెలుగువాళ్లు ఉన్నారా?
- డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: నమ్మమ్మా. 1899లో దక్షిణాఫ్రికాలో బ్రిటిష్‌వాళ్లకు, బోయర్లకు (అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతివాళ్లు) యుద్ధం వచ్చినప్పుడు, అక్కడి బ్రిటిష్ వలస నాటాల్‌లో భారతీయ అంబులెన్స్ దళం కట్టారు. గాంధీగారు ఆత్మకథలో రాసిన లెక్క 1,100 మంది. నాయకులు నలభై మంది దాకా, స్వేచ్ఛగా బతుకుతున్నవాళ్లు మూడు వందల మంది దాకా, మిగతావాళ్లంతా చెరుకు తోటలకు, గనులకు ఒప్పందం మీద పోయిన కూలీలు. స్పయన్ కాప్ యుద్ధం తర్వాత రోజుకు ఇరవై, ఇరవై అయిదు మైళ్లు స్ట్రెచర్లతో నడిచారు. నా సర్వీసులో నేను అందులో సగం కూడా ఒక్క రోజులో నడవలేదు.

1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నాటాల్ పోయిన కూలీల్లో తమిళులతో పాటు మన జిల్లాలవాళ్లూ చాలామంది. ఆ దళంలో మనవాళ్లు లేకుండా ఉండరు. కాని మెడల్స్ వచ్చింది నాయకులకు. మోసిన కూలీల్లో ఎవరి పేరు ఏమిటో మనం పాఠాల్లో చదువుకోలేదు. అయితే ఓడ ఎక్కిన రోజున రాసుకున్న జాబితాలు మాత్రం మిగిలాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు. చివర్లో ఒంటి మీద మచ్చలు. ప్రకాశం మాస్టారికి చెప్పిన రిజిస్టర్ లాంటిదే. మీ లెక్చరర్‌ను అడిగి, ఆ జాబితాల్లో విజయనగరం, విశాఖ, గంజాం వైపు ఊళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో వెతకమ్మా. ప్రాజెక్టు వర్క్‌కి పనికొస్తుంది.

ప్రశ్న: అంకుల్, నేను ఎన్‌సీసీ కేడెట్‌ని. స్ట్రెచర్ మోసేటప్పుడు లెఫ్ట్ రైట్ అని అడుగు కలపాలా?
- తొమ్మిదో తరగతి, ఖమ్మం

జవాబు: అస్సలు కలపకూడదు బాబూ. పరేడ్‌లో అడుగు కలపకపోతే తిట్లు, స్ట్రెచర్ కింద అడుగు కలిపితే తిట్లు. ముందున్నవాడు ఎడమ కాలు వేస్తే వెనకున్నవాడు కుడి కాలు వెయ్యాలి. ఇద్దరూ ఒకే కాలు వేస్తే స్ట్రెచర్ ఉయ్యాలలా ఊగుతుంది, విరిగిన ఎముక లోపల కదులుతుంది. చదును నేల మీద పేషెంట్ కాళ్లు ముందు, ఎత్తు ఎక్కేటప్పుడు తల ముందు. వెనకవాడి కళ్లు ఎప్పుడూ పేషెంట్ ముఖం మీదే ఉండాలి. లక్నోలో మా ఉస్తాద్ స్ట్రెచర్ మీద రేకు మగ్గు నిండా నీళ్లు పెట్టి, కాలవ దాటించి, గట్టు ఎక్కించేవాడు. చుక్క ఒలికితే మళ్లీ మొదటి నుంచి. మొదటి నెల రోజులు మా మగ్గు ఎప్పుడూ ఖాళీగానే గట్టెక్కింది.